విశ్రాంతి దగ్గర ఆపిన సినిమా

ఆ చలికాలం మా ఇంట్లో ఎక్కువగా నా గొంతే వినిపించింది. మా ఆయన కుడికంటికి ఆపరేషన్ అయింది. కంటి లోపలి పొర ఊడిపోతే దాన్ని అతికించి, కదలకుండా ఉండడానికి లోపలికి ఒక గాలిబుడగ ఎక్కించారు. ఆ బుడగ పొరను నొక్కి పట్టాలంటే మనిషి ముఖం నేలవైపే ఉండాలి. తింటున్నా, పడుకున్నా, మాట్లాడుతున్నా సరే. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందం. దాంతో వెలుగూ నీడా, ఎవరో నిలబడ్డారన్న సంగతీ తెలుస్తాయి, అంతే. ఇక ఆయన చూపంతా కుడికంటిదే. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్లో కార్ల డిజైన్ ఉద్యోగమైనా, తన కారు తాను నడుపుకోవడమైనా దాని మీదే. అది తిరిగి రాకపోతే ఎలా అన్న మాట మేమిద్దరం ఒకరితో ఒకరు అనుకోలేదు.

ముఖం ఆనించుకోవడానికి మధ్యలో ఖాళీ ఉన్న కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చాం. ఆయన అందులో బోర్లా వాలి, ఏం చెప్పాలన్నా కార్పెట్‌కి చెప్పేవాడు. కార్పెట్‌తో పాటు నేనూ వినేదాన్ని. కాలిఫోర్నియాలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, కిందికే చూడాలి, ఓకే? చీట్ చేయొద్దు," అని తన అమెరికా యాసలో బెదిరించేది. "చీట్ చేసే ఓపిక లేదమ్మా," అనేవాడు కార్పెట్‌తోనే.

బయట ఎప్పుడు చూసినా మంచే. కిటికీల్లోంచి వచ్చే ఆ తెల్లటి వెలుగులో పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా ఉండేది కాదు. కంట్లో చుక్కలు వేయడం, అన్నం కలిపి చెంచాతో అందించడం, మళ్లీ చుక్కలు వేయడం. మధ్యలో నేను సోఫాలోనే కునుకు తీసేదాన్ని. మెలకువ వచ్చేసరికి ఆయన అలాగే వంగి ఉండేవాడు. నిద్రపోయింది నేనా, ఆయనా అని ఒక్క క్షణం అర్థమయ్యేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, "ఏదైనా పాత సినిమా పెట్టు. ఇద్దరం చూడనిది. మర్డర్ ఉండాలి, పాటలు తక్కువుండాలి," అన్నాడు.

"వింటే సరిపోతదా నీకు?"

"రేడియో నాటకాలు వినలేదా ఏంటి?"

వెతికితే రంగులు వెలిసిపోయిన ఒక సస్పెన్స్ సినిమా దొరికింది. కొండమీద ఎస్టేట్ బంగళా, పొగమంచు, ఎక్కడో మోగే గడియారం. మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది, ఇది విని చూసే సినిమా కాదని. అసలు ముఖ్యమైన చోటల్లా ఒక్కరూ మాట్లాడరు. తలుపు దానంతట అది తెరుచుకుంటుంది, ఎవరో మెట్లెక్కుతారు, చేతితొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి దీపం ఆర్పేస్తుంది. వాయిద్యాలు మాత్రం గోల పెడతాయి. "ఏమైంది? ఇప్పుడేమైంది?" అని కుర్చీలోంచి ఒకటే సతాయింపు.

దాంతో నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. వరంగల్‌లో మా కాలేజీ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. సినిమాకి పర్మిషన్ దొరికేది ఏ ఇద్దరికో ముగ్గురికో. వాళ్లు తిరిగొచ్చాక మిగతావాళ్లందరినీ మంచాల మీద కూర్చోబెట్టి సినిమా మొత్తం చెప్పాలి. ఉత్త కథ చెబితే ఒప్పుకునేవాళ్లు కాదు. హీరోయిన్ చీర రంగు, తలుపు కిర్రుమనడం, వెనకాల వాయిద్యాలు, అన్నీ నోటితోనే. ఆ విద్యలో నాకు మంచి పేరుండేది. డిగ్రీల కంటే ఆ పేరే ఎక్కువని ఇప్పటికీ నమ్ముతాను.

"కొత్త పెళ్లికూతురు అద్దం ముందు కూర్చుంది. బక్కగ, ఇంత పొడుగు ముక్కు, కళ్లు ఇంతింత. దువ్వెన ఇక్కడ పెట్టింది. అటు తిరిగి ఇటు చూసేసరికి దువ్వెన లేదు."

"మొగుడు తీశాడా?"

"మొగుడు ఊళ్లనే లేడు. ఊకో, చెప్పనీ."

ఆ పెళ్లికూతురికి తన బుర్ర మీద తనకే అనుమానం వచ్చేట్టు చేస్తారు. పెట్టినచోట వస్తువు ఉండదు, మూసిన కిటికీ తెరుచుకుని ఉంటుంది. అడిగితే అందరూ నువ్వే చేశావంటారు. పాపం అనిపించి నేను మెల్లగా చెప్పేదాన్ని. కొండ మీద వాన, మా కిటికీ అవతల మంచు. నా మాటల్లో రెండూ ఎక్కడో కలిసిపోయేవి. ఆ రోజుల్లో నాకు ఆ బంగళా మెట్లు కలలోకి వచ్చేవి. వాటి చివర మా వంటగది ఉండేది.

ఆయన మాత్రం హంతకుణ్ణి తేల్చే పనిలో ఉన్నాడు. మనవాళ్ల లెక్క ఉంది కదా, పేరున్న నటుడికి చిన్న వేషం ఇచ్చారంటే హత్య చేసింది వాడే. "ఆ డాక్టర్ గొంతు విన్నావా? అంత పెద్ద ఆర్టిస్టుకి రెండు సీన్లేంటి? వాడే," అన్నాడు. నేను కొట్టిపారేశాను. అంతలో ఆ తొడుగు చెయ్యి పెళ్లికూతుర్ని మెట్ల మీది నుంచి తోసేసింది. ఆమె పడిన చోట చలనం లేదు. తెర మీద 'విశ్రాంతి' అని పడింది.

"ఆపు," అన్నాడు. "మిగతాది నేను చూస్తా. కన్ను వచ్చాక. అప్పటిదాకా నువ్వు కూడా చూడకూడదు."

ఆ మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత 'కన్ను వచ్చాక' అని ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. చూడనని ఒట్టు పెట్టుకున్నాను, చెయ్యి ఎంత దురద పెట్టినా చూడలేదు కూడా.

కొన్నాళ్లకు డాక్టర్లు తల ఎత్తవచ్చన్నారు. కుర్చీ తిరిగి ఇచ్చేశాం. బుడగ కరుగుతున్నకొద్దీ కంట్లో ఒక గీత కిందికి దిగుతోందని, గ్లాసులో నీళ్లలా ఊగుతోందని చెప్పేవాడు. కొన్ని వారాలకు ఆ గీత కూడా పోయింది. చివరి చెకప్ రోజు మంచు బాగా పడుతోంది. "నువ్వు కార్‌లోనే ఉండు, హీటర్ ఆపకు," అని ఒక్కడే లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చేటప్పుడు నవ్వుతున్నాడు. "అంతా క్లియర్. మండే నుంచి నేనే డ్రైవ్ చేసుకుని ఆఫీస్‌కి వెళ్లొచ్చన్నారు," అన్నాడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను. దారిలో ఇండియన్ స్టోర్‌లో ఆగి జిలేబీ కొన్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం విశ్రాంతి తర్వాతి సినిమా పెట్టాం. ఆయన తల ఎత్తుకుని సోఫాలో నా పక్కన కూర్చోవడమే నాకు పండగలా ఉంది. టీవీకి ఎదురుగా కాకుండా కొంచెం పక్కన ఉన్న దీపంవైపు తిరిగి కూర్చున్నాడు. ఇన్నాళ్లు వంగి మెడ పట్టేసిందనుకున్నాను. చెప్పడానికి నాకిక పనిలేదు. జిలేబీ తింటూ ఊరుకున్నాను.

బంగళాలో ముసలి అత్తగారికి జబ్బు. ఆమెను చూసుకోవడానికి పట్నం నుంచి ఒక నర్సు వస్తుంది. గొడుగు మడిచి గుమ్మంలో నిలబడి, "నన్ను పంపించారండీ," అంది. బొద్దుగా, గుండ్రటి మొహం, లావు కళ్లద్దాలు. చనిపోయిన పెళ్లికూతురికీ ఈమెకూ ఆవగింజంత పోలిక లేదు. ఉన్నదల్లా గొంతు. ఇద్దరికీ ఒక్కరే డబ్బింగ్ చెప్పారు. మన సినిమాల్లో అది మామూలే. చూసేవాళ్లం మొహాన్ని చూస్తాం కాబట్టి గొంతు సంగతి పట్టించుకోం.

ఆయన గబుక్కున ముందుకు వంగాడు. "చూశావా? చావలేదది. వేషం మార్చుకుని తిరిగొచ్చింది."

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. "ఎట్ల గుర్తుపట్టినవ్?"

"మొహం చూస్తే తెలీట్లా?"

నర్సు ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను తెరను చూశాను, తర్వాత ఆయన్ను చూశాను. ఆయన చూపు ఇంకా దీపం మీదే ఉంది. నా చేతిలో జిలేబీ పాకం వేళ్ల మీదికి కారుతోంది. రిమోట్ తీసి సినిమా ఆపాను.

నాకు ముందు భయం వేయలేదు, ఒళ్లు మండిపోయింది. ఎల్లుండి పొద్దున ఈ మనిషి మంచులో, అంతమంది మధ్య, కారేసుకుని వెళ్లబోతున్నాడు.

"ఆ ఇద్దరికి గొంతు ఒక్కరిది," అన్నాను. "మొహాలు వేరే."

ఆయన మెల్లగా, "ఎంత వేరు?" అన్నాడు.

"అసలు పోలికే లేదు. డాక్టర్ ఏమన్నడు? నిజం చెప్పు."

"మధ్యలో మచ్చ పడిందంట. చుట్టూరా కనిపిస్తోంది, మధ్యలో లేదు. ముందు ముందు కొంచెం రావచ్చు, రాకపోవచ్చు. డ్రైవింగ్ వద్దన్నారు."

"మరి మండే?"

"మండే లోపు వచ్చేస్తుందేమో అనుకున్నా."

అంత చదువుకున్న మనిషి, చిన్నపిల్లాడిలా అన్నాడా మాట. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే ఆ పాపం ఎవరిదని అడిగాను. ఎవరింటి బిడ్డ ప్రాణమో తీసి ఇంటికొస్తే నీకు అన్నం ఎట్ల పెడుతననుకున్నవని అడిగాను. ఆయన జేబులోంచి కారు తాళం తీసి, సోఫా మీద నా చేయి ఎక్కడుందో తడిమి, అందులో పెట్టాడు.

ఆ తడమడం చూశాక నా కోపం నిలబడలేదు.

"నేను కనిపిస్తున్ననా?" అని అడిగాను.

దీపం వైపు నుంచి నా వైపు తిరిగాడు. "జుట్టు కనిపిస్తోంది. చెవులకి ఏవో మెరుస్తున్నాయి. మధ్యలో నువ్వు లేవు."

సోఫాలో కొంచెం పక్కకు జరిగాను. ఇంకొంచెం జరిగాను. ఆయన కదలకుండా ఇందాక నేనున్న చోటే చూస్తున్నాడు.

"ఇప్పుడు?"

"చెంప... అంతే. ఏడుస్తున్నావా?"

"లేదు," అన్నాను.

నా గొంతు విని, ఆయన చెయ్యి చాపి ఆ చెంప తుడిచాడు.