బుచ్చమ్మ వదిలేసిన చర్చి

మాదన్నపేటలో పాలు పోసే బుచ్చమ్మకు అక్షరం ముక్క రాదు. ఏటా బోనమెత్తే మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఒక్క చర్చి గడప కూడా తొక్కలేదు. అయినా రెండువేల నాలుగో సంవత్సరంలో, ఆ చుట్టుపక్కల తెలుగు ఆరాధన ఎక్కడెక్కడ జరుగుతుందో ఇంటర్నెట్‌లో చూసుకున్నవాళ్లంతా చూసుకున్నది ఆవిడ నోటితో చెప్పిన జాబితానే. చూసుకున్నవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిస్తే కొందరైనా ఇంకొకరిని అడిగేవారు.

ఇదంతా కమలకుమారి పుణ్యం. ఆమెది గుంటూరు, సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. బదిలీ మీద వచ్చి సంతోష్‌నగర్‌లో అద్దెకు దిగింది. దిగిన కొత్తలో నాలుగు ఆదివారాలు సంచిలో బైబిలు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగింది. పెద్ద చర్చిలేమో ఊరికి ఆ చివర. దగ్గరివేమో మేడల మీద, ముందు గదుల్లో, రేకుల కింద. వాటికి బోర్డు ఉండదు, గేటు మీద శిలువ ఉండదు. ఐదో ఆదివారం ఒకటి దొరికింది గానీ, ఈమె చెప్పులు విడిచేసరికి ముగింపు ప్రార్థన కూడా అయిపోయింది. ఆ ఉక్రోషంతో ఆమె ఒక పని నెత్తికెత్తుకుంది.

హైదరాబాదుకు కొత్తగా వచ్చే క్రైస్తవుల కోసం ఎవరో ఒక వెబ్‌సైటు నడుపుతున్నారని, తమ పేటలో ఉన్న చర్చిల వివరాలు ఎవరైనా అందులో చేర్చవచ్చని ఆఫీసులో విన్నది. ప్రతి శనివారం సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని పేరు, చిరునామా, భాష, వేళ, ఫోను నంబరు అంటూ ఒక్కో గడి నింపేది. నింపడం ఎంతసేపు? నింపడానికి సరుకేదీ? ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో గిన్నె పట్టుకుని ఈ బాధ వెళ్లగక్కితే, పాలు కొలుస్తున్న బుచ్చమ్మ చెయ్యి ఆగింది.

"గింత దానికి ఫికరెందుకు మేడమ్? ఐతారం పొద్దుగాల ఏ ఇంట్ల పది లీటర్ల పాలు దిగుతయో గదే చర్చి," అంది.

నిజమే. ఆరాధన అయ్యాక వచ్చినవాళ్లందరికీ టీ ఇవ్వడం ఈ చిన్న చర్చిలన్నిటా ఉన్న అలవాటు. ఆ టీకి పాలు పోసేది బుచ్చమ్మ. పాలు ఎన్నింటికి కావాలన్నారో చూసి ఆరాధన ఎన్నింటికో చెప్పేసేది, ఎన్ని లీటర్లో చూసి జనం ఎంతమందో చెప్పేసేది. పాలు ఆలస్యంగా తెమ్మంటే ఆ పాస్టరుది పొడుగు ప్రసంగమన్నమాట. కమలకుమారి మొదటి రెండు చోట్లకు స్వయంగా వెళ్లి చూసింది. వేళతో సహా అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఇక మూడో దాని నుంచి వెళ్లడం మానేసి, బుచ్చమ్మ చెప్పిందల్లా చెప్పినట్టే ఎక్కించింది. మొత్తం పదకొండు చర్చిలయ్యాయి.

ఆ పదకొండూ బుచ్చమ్మ దగ్గర పాలు పోయించుకునేవే. ప్యాకెట్ పాలు వచ్చాక ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే జారిపోతుంటే, నాలుగు బర్రెలతో బతికే మనిషికి ఆదివారం టీలే ఆసరా. జనం పెరిగితే టీలు పెరుగుతాయి, టీలు పెరిగితే పాలు పెరుగుతాయి. ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియకపోయినా, అది దేనికి పనికొస్తుందో మాత్రం కమలకుమారి కంటే ముందే ఆమెకు తెలిసిపోయింది.

పన్నెండో చర్చి కూడా ఉంది. అది సరిగ్గా బుచ్చమ్మ బర్రెల కొట్టం వెనక గల్లీలో, రేకుల హాలు. పాస్టరు కైలాసం. పదేళ్లు అక్కడ పాలు పోసింది. కిందటి ఏడు ఎండాకాలంలో ఆ పాస్టరు నలుగురి ముందు గిన్నె వంచి చూపించి, "పాలా ఇవి, కడుగు నీళ్లా?" అన్నాడు. మర్నాటి నుంచి ప్యాకెట్లు తెప్పించుకున్నాడు. బుచ్చమ్మ కొట్టం వెనక తలుపుకు, ఆ గల్లీ మొహం చూడనని, మేకులు కొట్టేసింది. పాలలో నీళ్లు కలిశాయా అంటే, బర్రె ఎక్కువ నీళ్లు తాగితే నేనేం చేసేదన్నది ఆమె వాదన.

"ఈ వెనక గల్లీలో ఏదైనా ఉందా బుచ్చమ్మా?" అని కమలకుమారి అడిగినప్పుడు ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

"గా గల్లీల ఏముంటది మేడమ్, మోరీ ఉన్నది, కుక్కలున్నయ్."

అబద్ధమనడానికి లేదు. మురుగు కాలవ ఉంది, కుక్కలూ ఉన్నాయి.

ఈ తెలివికి బుచ్చమ్మ ఆర్నెల్లు మురిసిపోయింది. ఆ తర్వాత బుచ్చమ్మ ఇంటికి రెండిళ్ల అవతల ఉండే అమృత అనే నర్సు ఇంటికి, ఆవిడ మేనత్త లక్ష్మీకాంతమ్మ ఏలూరు నుంచి వచ్చింది. డెబ్భై రెండేళ్ల మనిషి. మోకాళ్లు పూర్తిగా పోయాయి. ఊహ తెలిశాక ఆదివారం ఆరాధన తప్పిందంటే కాన్పుల్లోనే తప్పింది. అమృతకు పేట కొత్త, ఆదివారాలు డ్యూటీ. ఆమె ఇంటర్నెట్ సెంటర్లో జాబితా చూసి అన్నిటికన్నా దగ్గరిదాన్ని కాగితం మీద రాసుకొచ్చింది. ఆ దగ్గరిది సంతోష్‌నగర్‌లో రెండో అంతస్తు. పెద్దావిడ ఒక్కసారి వెళ్లింది. మెట్లు దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుంటే గానీ కిందికి రాలేదు. మోకాళ్లు వాచి, రెండు నెలలు ఇల్లు కదల్లేదు.

బుచ్చమ్మ అమృత ఇంట్లోనూ పాలు పోసేది. ఒక సోమవారం లక్ష్మీకాంతమ్మ మంచం మీదనుంచే పిలిచింది.

"బుచ్చమ్మా, ఆదివారం పొద్దున మీ కొట్టం వైపు నుంచి పాటలు వినబడతాయి. ఎవరిదమ్మా ఆ రేడియో?"

బుచ్చమ్మ తల వంచుకుని గిన్నెలోకి పాలు వంచింది. "ఎవలదో, నాకేమెరుక పెద్దమ్మా."

"కాస్త గట్టిగా పెట్టమని చెప్పవే తల్లీ. మా ఊళ్లో పాడుకునే రాగాలే. అది తప్ప నాకిక ఆదివారం లేదు."

గిన్నె పొర్లి పాలు గడప మీద పారాయి. కైలాసం మీద కోపంతో చేసిన పని కైలాసానికి తగల్లేదు, ఎప్పుడూ ఒక్క మాట అనని ముసలామెకు తగిలింది. ఆ వారమంతా బుచ్చమ్మ కారణం లేకుండా బర్రెలను తిట్టింది. తనకు సిగ్గుగా ఉందని వాటికైనా చెప్పలేదు.

ఆదివారం పొద్దున, పాలు పోయడం అయ్యాక మేకులు పీకి వెనక తలుపు తెరిచింది. రోడ్డు చుట్టి వెళ్తే ఆ హాలు చాలా దూరం, కొట్టంలోంచి పోతే ముప్పై అడుగులు. నాలుగు బర్రెలనూ ఒక మూలకు కట్టి, పేడ ఎత్తి, గోనె సంచులు పరిచింది. అమృత ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడి, "చీర మార్చుకో పెద్దమ్మా, రేడియో కాడికి పోదాం," అంది.

లక్ష్మీకాంతమ్మ ఒక చేత బైబిలు, ఒక చేత బుచ్చమ్మ భుజం పట్టుకుని కొట్టంలోంచి నడిచింది. అవతలి గుమ్మంలో కైలాసం ఏడాది దాటాక తెరుచుకున్న తలుపును నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఏందమ్మా బుచ్చమ్మా, గిట్లొచ్చినవ్?"

"నీకోసం రాలే బాపు. పెద్దమ్మను తీస్కొచ్చిన. మంచి కుర్సీ ఎయ్యి."

లోపల పాట మొదలైంది. లక్ష్మీకాంతమ్మ గుమ్మంలోనే ఆగి, కుర్చీ వచ్చేలోపే గొంతు కలిపింది. బుచ్చమ్మ వెనక్కి చూడకుండా వచ్చేసింది.

తర్వాతి శనివారం కమలకుమారి దగ్గర బుచ్చమ్మకు ఒప్పుకోక తప్పలేదు. "మేడమ్, గా వెనక గల్లీల ఒకటి మర్శిపోయిన."

"మరిచిపోయారా, వదిలేశారా?"

బుచ్చమ్మ నేల చూపులు చూస్తూ ప్యాకెట్ల సంగతి, మేకుల సంగతి, రేడియో సంగతి అంతా చెప్పింది. కమలకుమారి నవ్వలేదు.

"దొరక్క దొరక్క తిరగడమంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టే ఈ పని పెట్టుకున్నాను. మీ పాల తగువు తెచ్చి అందులో పెట్టారు. గోడవతల చర్చి ఉంటే ఆవిడ రెండు నెలలు రేడియో అనుకుంది. నాదీ తప్పే లెండి, చూడకుండా ఎక్కించాను," అంది.

ఆ సాయంత్రమే కైలాసం హాలును ఎక్కించింది. దారి అనే గడిలో 'పాలు పోసే బుచ్చమ్మ కొట్టం మీదుగా' అని కొట్టింది. ఆపై మూడు వారాలు తానే కాళ్లీడ్చుకుంటూ తిరిగి, ప్యాకెట్ పాలు తాగే చర్చిలు ఇంకో మూడు పట్టుకుంది.

ఇక బుచ్చమ్మ పాట్లు చూడాలి. ప్రతి ఆదివారం ఇస్త్రీ బట్టలేసుకున్నవాళ్లు కాగితం పట్టుకుని, "బుచ్చమ్మ కొట్టం ఇదేనాండీ?" అంటూ దిగేవారు. పిల్లలు బర్రెల తోకలు లాగేవారు. ఆ హాలు మాత్రం ప్యాకెట్లు మానలేదు. ఇంత లొల్లికీ ఒక్క లీటరు కూడా పెరగలేదని ఆమె సణగని రోజు లేదు, తలుపు మూసిన ఆదివారమూ లేదు.

ఒకరోజు లక్ష్మీకాంతమ్మ పాలు పోయించుకుంటూ, "ఆ జాబితాలో మన చర్చిని వదిలేసిన మనిషిని క్షమించమని ప్రతి ఆదివారం ప్రార్థన చేయిస్తున్నానే," అంది.

"ఎవలో తెల్వకుంట ఎట్ల జేస్తరు పెద్దమ్మా?"

"తెలియకేం, కమలకుమారి చెప్పిందిగా. పేరు పెట్టే చేయిస్తున్నాను. ఇంకో బుచ్చమ్మ అనుకుంటారని, పాలు పోసే బుచ్చమ్మ అని మరీ చెబుతున్నాను. అరవైమందీ ఆమెన్ అంటారు."

బుచ్చమ్మ ఇజ్జతంతా గల్లీలో కలిసింది. ఆ ఆదివారం కొట్లాట పెట్టుకోవడానికే వెనక తలుపు దగ్గర నిలబడింది. ఆస్పత్రిలో ఉన్నవాళ్ల పేర్లు వచ్చాయి, పరీక్షలు రాసే పిల్లల పేర్లు వచ్చాయి, తర్వాత తన పేరు వచ్చింది. అరవై గొంతులు ఆమెన్ అన్నాయి. ఇంతవరకు తన పేరు పట్టుకుని తిట్టినవాళ్లే గానీ, తనకోసం ఏదైనా అడిగినవాళ్లు ఆమెకు గుర్తులేరు. కొట్లాట సంగతి మరిచిపోయి అక్కడే నిలబడింది. పై ఆదివారమూ నిలబడింది, ఆ పై ఆదివారమూ నిలబడింది. నాలుగో ఆదివారం మాత్రం జబ్బులవాళ్లు, పరీక్షలవాళ్లు అయిపోయాక పాస్టరు ప్రసంగంలోకి దిగిపోయాడు.

సోమవారం తెల్లారీ తెల్లారకముందే అమృత ఇంటి తలుపు కొట్టింది.

"నిన్న నా పేరు రాలేదేంది పెద్దమ్మా?"

"క్షమించేశాడు కదే దేవుడు. ఎన్నాళ్లని అడుగుతాం?"

బుచ్చమ్మ పాలక్యాను దించి గడప మీద చతికిలబడింది.

"గప్పుడే ఐపాయెనా? నేను జేసినయి ఇంకా మస్తున్నయ్ పెద్దమ్మా. చెప్త, ఇనుకో."