పాప చేసిన పవర్ సప్లై

మా చిన్నప్పుడు ఢిల్లీలో పాడైపోయిన కంప్యూటర్లను పాతసామాన్లు కొనే కబాడీవాలా కిలోల లెక్కన తూచి పట్టుకుపోయేవాడు... ఒక ఆదివారం వాడి తోపుడు బండికి అడ్డం నిలబడ్డాను. ఇంట్లోని పాత పేపర్ల కట్ట ఇచ్చి, ఒక కంప్యూటర్లోంచి పవర్ సప్లై డబ్బా తీసుకున్నాను.

నాకెందుకంటే... మా స్కూల్ ల్యాబులో వోల్టేజీ కావలసినంత తిప్పుకునే సప్లై ఒక్కటే ఉండేది. అదీ అద్దాల బీరువాలో, తాళం వేసి! ఒక్కసారి ఇమ్మంటే ఫిజిక్స్ సార్ నవ్వి, "బేటా, తుమ్ చార్ట్ బనావో" అన్నారు, నువ్వు చార్టు రాసుకో అని. నా చేతిరాత బాగుంటుందట. ఒళ్లు మండిపోయింది. ఇవ్వకపోతే మానె, నాది నేనే చేసుకుంటాననుకున్నాను.

గవర్నమెంట్ క్వార్టర్స్ బాల్కనీలో, అమ్మ ఎండబెట్టిన వడియాల పక్కనే నా వర్క్‌షాపు. డబ్బా మూత మాత్రం తీయలేదు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవుంటుందని రేడియో రిపేరు అంకుల్ భయపెట్టాడు. బయటి తీగల్లో ఆకుపచ్చదాన్ని నల్లదానికి కలిపితే చాలు, ఫ్యాను గిర్రున తిరిగింది...

పసుపు తీగలో పన్నెండు వోల్టులు. దాన్ని తగ్గించడానికి అంకుల్ పడేసిన బోర్డుల నుంచి ఊడబీకిన మూడు కాళ్ల రెగ్యులేటర్లు, తిప్పడానికి పాత టేప్‌రికార్డర్ వాల్యూమ్ నాబ్. వేడి లాగడానికి వంటింట్లోని అల్యూమినియం మూత.

"మూతేదే?" అంది అమ్మ.

"కరెంటుకి పెట్టానమ్మా."

"అయితే ఇవాళ ఆ కరెంటే తిను!"

కాళ్లు తారుమారు చేసి మొదటి రెగ్యులేటర్ కాల్చేశాను. రెండోది మాట వింది. నాబ్ తిప్పినకొద్దీ బొమ్మకారు మోటారు వేగం పెరుగుతుంటే... అబ్బ, ఆ గర్వం!

స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పోటీ రోజు చార్టులు పక్కకు జరిపి, బల్ల మధ్యలో నా డబ్బా పెట్టాను. అమ్మా వచ్చింది. ఢిల్లీకి వచ్చి ఏడాదే, హిందీ అంతంతమాత్రం. సార్ డబ్బాను అటూ ఇటూ చూసి, అమ్మను అడిగారు.

"పాపా నే బనాయా?"

అమ్మ మొహం వెలిగిపోయింది. "హాంజీ, హాంజీ! పూరా పాపే బనాయా!"

ఆయన అడిగింది పాపా, అంటే నాన్న చేశాడా అని... మా ఇంట్లో పాప అంటే నేను!

సార్ నా కార్డు మీద 'తండ్రి చేసినది' అని రాసి, పోటీలోంచి తీసేశారు. నేను చేశానంటే, "మమ్మీ ఖుద్ బోల్ రహీ హై" అన్నారు, మీ అమ్మే చెబుతోందిగా అని. ఏడుపొచ్చింది. ఏడవలేదు. ప్లగ్గు పీకి, డబ్బా బయట నేను బిగించిన స్క్రూలన్నీ విప్పి, తీగలన్నీ బల్ల మీద కుప్ప పోశాను.

"అబ్ దేఖియే, సర్." ఇప్పుడు చూడండన్నాను.

సార్ కళ్ల ముందే ఒక్కొక్కటీ మళ్లీ బిగించాను. సంగతి అర్థమైన అమ్మ అచ్చ తెలుగులో సార్‌ని వాయించేసింది. "వాళ్ల నాన్నా? ఆయనకి ఫ్యూజు వెయ్యడం కూడా రాదండీ!"

మోటారు తిరిగింది. సార్ కలం తీసేలోపే ఆ కార్డు మీది మాట నేనే కొట్టేసి, నా పేరు రాశాను. ప్రైజు ఒక చార్టుకి వచ్చిందనుకోండి... పోనీ!

ఇప్పుడు ఫోన్లో ఆర్డర్ నొక్కితే, అంకెలు వెలిగే సప్లై మర్నాటికల్లా గుమ్మంలో ఉంటోంది. కబాడీవాలాతో బేరాలూ లేవు, కాలిన వేళ్లూ లేవు... కానీ ఆఫీసులో నా పని చూసి "ఎవరు హెల్ప్ చేశారు?" అనేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. ఇప్పటికీ నా పేరు రాసేదాకా నేను కదలను.

మీ పని కింద ఎప్పుడైనా ఇంకొకరి పేరు పడిందా? అదేమిటో ఇక్కడ చెప్పండి... మీ పేరుతోనే.