చేమకు చెల్లెలు

నా చిన్నప్పుడు నేను చూసిన స్వర్గం మదనపల్లెలో ఒక బంగళా వరండా. మాది తంబళ్లపల్లె పక్క మెట్ట ఊరు. పచ్చదనం అంటే వేరుశెనగ చేనే, అదీ వాన పడితేనే. మా అవ్వ ఆ బంగళాలో అంట్లు తోమే పనికి కుదిరి, నన్నూ వెంట తీసుకుపోయేది. వరండా నిండా కుండీలు. పెద్ద పెద్ద ఆకులు, వాటి మీద ఎవరో మజ్జిగ చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. చల్లని గచ్చు మీద వెల్లకిలా పడుకుంటే ఆకాశమే పచ్చగా మారి నా మీదికి వంగినట్టుండేది. ఎంతసేపు అలా ఉండేదాన్నో నాకే తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ ఆకుల చాటున కాడ కనబడింది. లావుగా, కణుపులు కణుపులుగా ఉంది. పుంగనూరు సంతలో చూసిన చెరకే అనుకుని విరిచి కొరికాను.

నోట్లో ముళ్లు దిగినట్టయింది. నాలుక ఉబ్బిపోయింది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఊళ్లో నన్ను వసపిట్ట అనేవాళ్లు.

తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఇది మూగచెరకు! దొరలు పెట్టిన పేరు. కొరికినోళ్లకు మాట పడిపోతాదంట!" ఇంటావిడ అది కాదని ఇంకేదో పొడుగాటి పేరు చెప్పింది. వాళ్లిద్దరూ పేరు దగ్గరే తగవులాడుతున్నారు. ఇక బతుకంతా మూగదాన్నేనని నేను వణికిపోతున్నాను.

"పేరు తెలిస్తే వాపు దిగుతాదా అప్పా? జరుగు," అంటూ మా అవ్వ వచ్చింది. విరిగిన ముక్క తీసుకుని, ఆకు తొడిమ కాడను ఎలా చుట్టుకుని ఉందో వేలితో తడిమింది. తర్వాత ఆ రసం కాస్త తన నాలుక కొసకు రాసుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చేమ జాతిది," అంది ముద్దముద్దగా. "కంద, చేమ, ఇది... అన్నీ అక్కచెల్లెళ్లే. ఈ దురద నాకు తెలీదా? యాల ఏడస్తావే, మాట యాడికీ పోదు."

నోరు కడిగించి, చల్లటి పెరుగు కొంచెం కొంచెంగా తినిపించింది. తనూ తింది. తర్వాత డాక్టరుకు చూపిస్తే, గొంతులోకి దిగలేదు, భయం లేదన్నాడు. ఆ సాయంత్రం మాటల్లేకుండా ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆకుల నీడలు గచ్చు మీద నీళ్లలా కదులుతూ ఉన్నాయి. మర్నాడు పొద్దున "ఇంకా పెరుగుందా?" అని అడిగాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. "వచ్చేసినాది నోరు! ఇంగ మన చెవులు పాయ!"

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాకే. ఈమధ్య కుప్పంలో మనవరాలి ఇంట్లో అదే మొక్క చూశాను. కుండీకి అంటించిన కాగితం మీద డిఫెన్‌బేకియా అని కూడబలుక్కుని చదివాను. అది, చేమ, కంద, మనీప్లాంటు అన్నీ ఒకే కుటుంబమని మనవరాలు ఫోన్‌లో చూసి ఆశ్చర్యపోయింది. నేను ఆశ్చర్యపోలేదు.

కొత్త మొక్క ఏది కనబడినా పేరు అడిగే ముందు ఆకు మొదలు తడిమి చూస్తాను. అంతవరకు అవ్వ దగ్గర నేర్చుకున్నాను. ఆ రసం ఏం చేస్తుందో నన్ను చూసి కూడా నోట్లో పెట్టుకుందే, ఆ పని మాత్రం నేను ఇంతవరకూ ఎవరికోసమూ చెయ్యలేదు. చెయ్యగలనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.