ఓడ లాయరు తాత, నీళ్ల వరుస

మా చిన్నప్పుడు... నీళ్ల ట్యాంకరు హారను వినబడితే చాలు, ఊరంతా బిందెలతో పరుగే. విడపనకల్లు దగ్గర మా ఊరు. వరుసగా మూడో కరువు ఏడాది. బోర్లన్నీ ఎండిపోయి, నాలుగు రోజులకొక ట్యాంకరు వచ్చేది.

ఆ ట్యాంకరు కోసం కోర్టులో కొట్లాడింది మా తాతే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మీద ఆఫీసరు, ఆ తర్వాత అనంతపురంలో లాయరు. ఊరందరికీ 'ఓడ లాయరు'.

ఓడలో మంచినీళ్లు కొలిచి పోసేవాళ్లట. కిందివాళ్లంతా తాగాకే ఆఫీసరు తాగాలట. అందుకని మా బిందె ఎప్పుడూ చివరే! "ఓడ దిగి యాభై ఏండ్లయినా, ఈయప్ప ఇంకా నేల మింద కాలు పెట్టలేదు" అని అవ్వ సణిగేది.

ఆ రోజు అవ్వకు తెల్లారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. నాలుక పిడచగట్టుకుపోయింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఏడుస్తూ పోయి మా బిందె అందరికంటే ముందు పెట్టాను.

"లాయరప్ప మనవరాలు, పట్టుకోనీలేప్పా" అన్నాడు డ్రైవరు. ఎవరూ కాదనలేదు.

అంతలో తాత వచ్చాడు. నిండిన బిందె ఎత్తి, ఎవరి వరుసో ఆమె బిందెలో పోసేశాడు. మాది తీసుకెళ్లి చివర పెట్టాడు.

"తాతా, అవ్వ సచ్చిపోతాది!"

"మన వరస వచ్చేదాకా ఆగల్లమ్మా" అన్నాడు.

మా వరుస రాకముందే ట్యాంకరు ఖాళీ అయింది... నిజం చెబుతున్నా, తాతంటే అసహ్యం వేసింది.

తాత చెంబు తీసుకుని ఇంటింటికీ పోయాడు. జడ్జీల ముందు తల వంచని మనిషి, గడప బయట నిలబడి "అమ్మా, ఇంట్లో మనిషికి బాగలేదు. రోంత నీళ్లుంటే పోస్తారా" అని అడిగాడు. గ్లాసుడు, అరగ్లాసుడు... అందరూ పోశారు.

"ముందే పట్టుకోనుంటే ఈ అడుక్కునేది తప్పేది కదా!" అని అరిచాను.

"వరస దాటి పట్టుకుంటే అది లాక్కునేదమ్మా. అడిగితే, ఇచ్చేది లేనిది వాళ్లిష్టం."

ఉప్పు, చక్కెర కలిపి అవ్వకు చెంచాతో పోశాం. సాయంత్రానికి కళ్లు తెరిచింది. తాత గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు తాత లేడు. పోయిన వారం మా పాపకు జ్వరమొస్తే, ఆసుపత్రిలో తెలిసినాయన పేరు చెప్పి అందరినీ దాటుకుని లోపలికి పోయాను. బయటికొచ్చేసరికి ఒక ముసలామె, ఒళ్లో మూలుగుతున్న మనవడితో, ఇంకా ఆ బెంచీ మీదే ఉంది. ఆమె ముఖం చూడలేకపోయాను...

మీ ఇంట్లో మా తాతలాంటి మొండిమనిషి ఎవరైనా ఉండేవాళ్లా? ఉంటే చెప్పండి... అలాంటివాళ్ల గురించి వినాల్సిన అవసరం నాకు ఇప్పుడు చాలా ఉంది.