గంటమ్మ దాచిన సామాను

గొడుగుల దగ్గరికి వచ్చేసరికి కూతురికి ఒళ్ళు మండిపోయింది.

ఒకటా రెండా? మంచం కిందికి చెయ్యి పెట్టి లాగుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. పువ్వుల గొడుగు, చుక్కల గొడుగు, పిడి ఊడిపోతే దారం చుట్టిన గొడుగు, ఊచలు బయటికొచ్చి కన్ను పొడిచేలా ఉన్న గొడుగు. పోనీ, వాటిలో ఒక్కటైనా ఈ ఇంటిదా అంటే కాదు. ఈ ఇంట్లో పెరిగిన పిల్ల మాత్రం వానొస్తే నెత్తిన ప్లాస్టిక్ సంచీ బోర్లించుకుని బడికి పరుగెత్తేది. ఇంట్లో ఇన్ని గొడుగులు పెట్టుకుని! ఎవరికైనా మండదా మరి?

"ఏం చేసుకుందామని దాచావే అమ్మా వీటిని?" అని విసురుగా ఒక గొడుగును గోడవైపు గిరాటేసింది.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న ముసలమ్మ తల తిప్పి చూసింది. "మెల్లిగా నర్సమ్మా. ఊచలు వంగిపోతాయి," అంది.

నర్సమ్మట! కన్నకూతుర్ని పట్టుకుని.

ఆ ముసలమ్మ పక్కనున్న పెద్ద బడిలో ఆయా. భర్త పోయాక, కొడుకును వేలు పట్టుకుని, కూతుర్ని చంకనేసుకుని ఊడ్చే పనికి చేరింది. కొన్నాళ్ళకు గంట కొట్టే పని కూడా ఆమె నెత్తినే పెట్టారు. అప్పటినుంచి పిల్లలకూ పంతుళ్ళకూ ఆమె గంటమ్మే. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. బడి గోడకు ఆనుకుని ఉన్న ఈ గదిన్నర ఇల్లు ఆ ఉద్యోగంతోపాటే వచ్చింది, ఇప్పుడు ఆ ఉద్యోగంతోపాటే పోతోంది. ఇక్కడ కొత్త తరగతి గదులు కడతారట. రేపు పొద్దున్నే కూల్చడానికి మనుషులొస్తారు. ఈ సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చేసి తల్లిని తన ఇంటికి తీసుకుపోవాలని కూతురు ల్యాబులో సెలవు పెట్టి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో జనం చేతులకు సూది గుచ్చి రక్తం తీయడం ఆమె పని. చెయ్యి తేలికని పేరుంది గానీ, వీధిలో చిన్నపిల్లలు ఆమె ఎదురైతే చేతులు రెండూ వెనక్కి దాచేసుకుంటారు.

లారీ నడిపే అన్నయ్య ఎక్కడో దారిలో ఉన్నాడు. పొద్దున ఫోన్లో, "అంత ఆలోచనెందుకు చెల్లాయ్? పాత సామాన్లు కొనేవాళ్ళకి మొత్తం తోలేయ్. నీకు పుణ్యముంటుంది," అన్నాడు. వాడికేం, ఎన్నైనా చెబుతాడు. ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ చూసేది వాడు కాదుగా!

ఇంతకీ గంటమ్మకు ఎవరూ చెప్పని పని ఇంకొకటుండేది. సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక గది గదికీ తిరిగి, బల్లల కిందా కిటికీల మీదా వాళ్ళు మర్చిపోయిన సామాను ఏరేది. టిఫిను డబ్బాలు, నీళ్ళ సీసాలు, స్వెట్టర్లు, ఒంటి చెప్పులు. చదువు రాదు కాబట్టి వాటిమీద రాసిన పేర్లతో ఆమెకు పనిలేదు. ఏది ఎవరిదో చూడగానే చెప్పేసేది. మర్నాడు ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టి, ముక్కు పిండి, "మళ్ళీ మర్చిపోతే నేనే వాడేసుకుంటా," అని బెదిరించేది. ఆ బెదిరింపుకు భయపడిన పిల్ల ఒక్కతీ లేదనుకోండి.

ఊరు మారి వెళ్ళిపోయినవాళ్ళవీ, బడి మానేసినవాళ్ళవీ మిగిలిపోయేవి. పారెయ్యమని పెద్ద టీచరమ్మ చెబితే గంటమ్మ ససేమిరా అనేది. "ఏ తల్లి కష్టపడి కొందో ఏమో! పారేస్తే చేతులు పడిపోవూ?" అని అన్నీ ఇంటికి మోసుకొచ్చేది. కడిగేది, తుడిచేది, చిరుగులు కుట్టేది. సొంత పిల్లలు వాటిమీద చెయ్యి వేస్తే మాత్రం ఒప్పుకునేది కాదు. "మనది కాదు. వాళ్ళొచ్చి అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అనేది. ఎవరొచ్చారు గనక? ఎవరూ రాలేదు. ఇల్లంతా ఎవరో పిల్లల సామానుతో నిండిపోయి, ఈ ఇంటి పిల్లలు కాళ్ళు ముడుచుకుని పడుకునే పరిస్థితి వచ్చింది.

కూతురికి ఆ సామానంటే చిన్నప్పటినుంచీ కుళ్ళు. అవును, కుళ్ళే, దాచడమెందుకు? ఎవరిదో స్వెట్టరును ఒళ్ళో వేసుకుని అమ్మ అంత శ్రద్ధగా కుడుతుంటే, పక్కన కూర్చున్న పిల్లకు కడుపు మండేది. తన సంగతి అమ్మకు పట్టేదే కాదని అనుకునేది. పెద్దదైంది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆ మంట మాత్రం చల్లారలేదు.

పోయిన ఏడాది గంటమ్మకు మతిమరుపు మొదలైంది. ఒకరోజు రెండో పీరియడు మొదలవగానే ఇంటి గంట కొట్టేసింది. పిల్లలు సంచులు తగిలించుకుని కేకలు పెడుతూ బయటికి దూకారు. మళ్ళీ లోపలికి తోలడానికి పంతుళ్ళకు తలప్రాణం తోకకొచ్చింది. పిల్లలకైతే ఆ రోజు గంటమ్మ దేవతే. ఊరంతా నవ్వుకుంది గానీ, కూతురికి నవ్వు రాలేదు. డాక్టరుకు చూపిస్తే, "కొత్తవి ముందు పోతాయమ్మా. పాతవి చివరిదాకా ఉంటాయి," అన్నాడు. అమ్మయ్య, నేను పాతదాన్నే కదా అని ఆమె గుండె దిటవు చేసుకుంది. తీరా చూస్తే ముందుగా పోయింది తనే. అమ్మకు ఎదురుగా కనిపించే నడివయసు మనిషి ఎవరో మందులిచ్చే నర్సమ్మ. గొడుగులు మర్చిపోయిన పిల్లలు మాత్రం పేరు పేరునా గుర్తున్నారు. ఇదెక్కడి న్యాయం, చెప్పండి?

అందుకే ఈ రోజు ఆమె సామాను సర్దుతోందని అందరూ అనుకుంటున్నారు గానీ, నిజానికి వెతుకుతోంది. ఏ వస్తువు చూపించినా అది ఎవరిదో అమ్మ ఠక్కున చెప్పేస్తోంది కదా. ఈ కుప్పల్లో తనది ఒక్కటి దొరికితే చాలు. రిబ్బను ముక్కైనా సరే, పలక పెంకైనా సరే. అది అమ్మ ముందు పెట్టి ఇదెవరిదే అని అడిగితే, ఆ నోటినుంచి తన మాట వస్తుంది. ఒక్కసారి వస్తే చాలు. ఇల్లు ఖాళీ అయిపోతే ఇంకెక్కడ వెతకాలి?

మొదటి ట్రంకు పెట్టె తెరిచింది. తుప్పు పట్టిన మూత కీచుమంది. నీలం రంగు నీళ్ళ సీసా తీసి, "ఇదెవరిది?" అంది.

"నత్తి పిల్లాడిది. మాట రాదు గానీ, పాట అందుకున్నాడా ఇక ఆపేవాడు కాదు వెధవ." ముసలమ్మ మొహం వెలిగిపోయింది.

"ఈ చెప్పు?"

"కవలపిల్లల్లో చిన్నదానిది. రెండోది కాలవలో కొట్టుకుపోయింది. ఒంటి చెప్పు ఎందుకని ఇది బల్ల కింద వదిలేసి వట్టికాళ్ళతో వెళ్ళింది ఇంటికి."

"ఈ టిఫిను డబ్బా?"

"వాళ్ళ నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లాడు రోజూ ఖాళీ డబ్బా తెచ్చుకుని, తిన్నట్టు మూత తీసి పెట్టుకునేవాడు. నాకు తెలుసులే."

కూతురు ఆ డబ్బాను ఒక్క క్షణం పట్టుకుని పక్కన పెట్టింది. అంతలో గుమ్మం దగ్గర బండి ఆగిన చప్పుడైంది. పాత సామాన్లు కొనే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి తొంగిచూసి, "ఓలమ్మో! ఇది ఇల్లా, గోడౌనా?" అని నోరు వెళ్ళబెట్టింది.

"నవ్వకు. నాకే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. చూసినవి చూసినట్టు తీసుకెళ్ళు," అంది కూతురు.

ఆవిడ గొడుగులన్నీ చంకన ఇరికించుకుని బయల్దేరేసరికి గంటమ్మ కుర్చీలోంచి లేవబోయింది. "ఏయ్, ఎక్కడికి? ఆ చుక్కల గొడుగు పిల్ల వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?"

సామాన్ల ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఎన్ని ఇళ్ళు చూసిందో, ఎందరు ముసలివాళ్ళను చూసిందో. "నా దగ్గరుందని చెప్పు పెద్దమ్మా. ఆ పిల్లొస్తే నా దగ్గరికి పంపు, నేనిస్తా," అంది మెత్తగా.

"తప్పకుండా ఇవ్వాలి మరి."

"ఇవ్వకపోతే అప్పుడు తిట్టు."

గంటమ్మ నెమ్మదించి కూర్చుంది. సామాను బండెక్కింది, పెట్టెలు ఖాళీ అయ్యాయి. రెండో పెట్టె అయింది, అటక మీది గోనెసంచులు అయ్యాయి. ప్రతిదానికీ ఒక పిల్లో పిల్లాడో ఉన్నారు. దగ్గే పిల్ల, మేనత్త దగ్గర పెరిగిన పిల్లాడు, లెక్కల పంతులు చెవి మెలేసిన పిల్లాడు. ఆఖరి సంచీ అడుగున ఒక బొంగరం, గోళీల మూట, బకిల్ ఊడిన బెల్టు దొరికాయి. అవి అన్నయ్యవి. కూతురు బొంగరాన్ని తల్లి ముందు పెట్టింది.

"ఇది మావాడిది!" ముసలమ్మ నవ్వింది. "అన్నీ పారేసుకుంటాడు. వాడి వెనక తిరిగి ఏరుకురావడమే నా పని. ఇప్పుడు లారీ నడుపుతున్నాడులే. ఆ లారీ ఎక్కడ పారేసుకుంటాడో అని నా భయం."

కొడుకు గుర్తున్నాడు. బొంగరం చూస్తే గుర్తొచ్చాడు, లారీతో సహా. కూతురు పిచ్చిదానిలా సంచీ బోర్లించి దులిపింది. దుమ్ము, రెండు గోళీలు, చచ్చిన బొద్దింక. అంతే. ఖాళీ పెట్టెల్లో చెయ్యి పెట్టి మూలమూలలా తడిమింది, అటక మీదికి మళ్ళీ ఎక్కింది, పరుపు తిరగేసింది. ఊరందరి పిల్లలవీ ఉన్నాయి, అన్నవి ఉన్నాయి. తనది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంతకాలం కడుపులో దాచుకున్నదంతా పొంగుకొచ్చింది. నేలమీద చతికిలబడి, ఆ దుమ్ములోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

సామాన్ల ఆవిడ గుమ్మంలోంచి చూసి, బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

కొంతసేపటికి కూతురు మోకాళ్ళ మీద కుర్చీ దగ్గరికి జరిగింది. ఇంక అడిగే దారి ఒక్కటే మిగిలింది. అమ్మా అని ఎంత పిలిచినా కూతురని పోల్చుకోని మనిషిని, బడిపిల్లలు పిలిచినట్టే పిలిచింది.

"గంటమ్మా, మీకో అమ్మాయి ఉండేది కదా. ఆ పిల్ల సామాను ఇందులో ఒక్కటి కూడా లేదేం?"

గంటమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "దానిదెందుకుంటుంది? అది ఏదీ పోగొట్టుకోదుగా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. పెన్సిలు వేలికి అందనంత చిన్నదయ్యేదాకా రాస్తుంది. రబ్బరు అరిగిపోయినా దాన్ని గుడ్డముక్కలో చుట్టి పెట్టుకుంటుంది. సాయంత్రం దాని గదిలోకి ముందు వెళ్ళేదాన్ని, తెలుసా? దాని బల్ల కింద వంగి చూసేదాన్ని. అందరి పిల్లల్లాగా అదీ ఒక్కరోజైనా ఏదో ఒకటి మర్చిపోయి వెళ్తే బాగుండనిపించేది. పిల్లలన్నాక మర్చిపోవద్దూ? ఆటలో పడి మర్చిపోవద్దూ?" ముసలమ్మ వంగి నేలకేసి చూసింది. "ఎప్పుడు చూసినా బల్ల కింద ఊడ్చినట్టుండేది. పోతే అమ్మ మళ్ళీ కొనలేదని దానికి తెలుసు. నేను చెప్పలేదు, దానంతట అదే తెలుసుకుంది. అంత చిన్నపిల్లకి ఆ సంగతి తెలియకూడదమ్మా. అది చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోయేది."

అమ్మ తనను చూడలేదని కూతురు ఇన్నేళ్ళూ అనుకుంది. అమ్మ చూసింది. రోజూ వంగి మరీ చూసింది. ఆ మాట అప్పుడే ఒక్కసారి చెప్పి ఉంటే! ఇన్నేళ్ళలో ఎప్పుడు చెప్పినా సరిపోయేది.

"అమ్మా," అంది. "ఆ పిల్ల నేనేనే. నన్ను చూడు. నేనే అమ్మా."

గంటమ్మ వంగి ఆ దుమ్ము కొట్టుకున్న మొహాన్ని చాలాసేపు చూసింది. కన్నీళ్ళు చూసింది, వణికే పెదవులు చూసింది. జీవితమంతా అలాంటి మొహాలు చూసిన మనిషి. మెల్లగా చెయ్యి చాచి కూతురి చెంపలు కొంగుతో తుడిచింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. ఏదో పోగొట్టుకున్నట్టున్నావు. మీ అమ్మ తిడుతుందని భయమా? నేను చెప్తాలే మీ అమ్మకి, తిట్టొద్దని."

కూతురు ఆమె ఒడిలో తల పెట్టుకుంది. "చెప్పు," అంది.

గంటమ్మ ఆమె తల నిమిరింది, ఏ పిల్ల తలనైనా నిమిరినట్టే.