పాత తంగేడుకు దిక్కు మా కోడలే

నేను మూడో తరగతితో బడి మానేశాను. అయినా మా కోడలు సరళాదేవి చేసే పనేమిటో కరీంనగర్‌లో ఎవరడిగినా చెప్పగలను. కంప్యూటర్లో తెలుగు అచ్చుకొట్టే ప్రోగ్రాం ఒకటి ఆమె, మరో నలుగురు కలిసి రాశారు. దానికి తంగేడు అని పేరు పెట్టారు. కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక ఆమెకు అదే లోకం. అడిగిన వాళ్లకల్లా ఊరికే ఇస్తారు. లోపల రాసిందంతా విప్పి చూపిస్తారు కూడా. ఎవరైనా దాన్ని బాగుచేస్తే ఆ మార్పు తిరిగి వీళ్లకు పంపాలి. షరతు అంతే. ఊరికే వచ్చేదాన్ని ఎవరు లెక్కచేస్తారని మొదట్లో వెక్కిరించాను. ఆదిలాబాద్ వాళ్లు సైతం తంగేడు ఎక్కించుకోవడానికి బస్సు డ్రైవర్ల చేతికి ఖాళీ ఫ్లాపీలిచ్చి పంపుతుంటే ఊరుకున్నాను.

తొంభై ఎనిమిదిలో కొత్త తంగేడు వచ్చింది. అది కొత్త కంప్యూటర్ల మీదే నడుస్తుంది. మా మరిది కొడుకు శ్యాంసుందర్‌రావు ఆ ఐదుగురిలో ఒకడు. మా ఇంట్లోనే కూర్చుని తీర్పు చెప్పాడు.

"వదినా, పాతదాన్ని ఇగ ముట్టుకోవద్దు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతం."

సరళ సరేనంది. నాకూ సబబే అనిపించింది.

పదిరోజులు కాలేదు, జమ్మికుంటలో పెండ్లి పత్రికలు వేసే లచ్చయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. అతనిది పాత కంప్యూటర్, పాత తంగేడు. ప్రింటర్ చెడిపోతే వేరేది తెచ్చిపెట్టుకున్నాడు. అప్పటి నుంచి తంగేడు కాగితం మీది ఆఖరి వరుసను మింగేస్తోందట.

"ఒక్క వరుసకు గింత పరేషానా?" అన్నాను.

"గా వరుసల పెండ్లిపిల్ల మేనమామ పేరుండె దొరసాని! పత్రికలు పంచినంక గని చూసుకోలే."

"మీదికి జరుపకపోయినవా?"

"ఇప్పుడు జరిపి చూసిన. మేనత్త పేరును మింగింది."

మేనమామ బుచ్చిరాములు తన పేరు లేని పత్రిక చూసి అలిగి తలుపేసుకున్నాడట. పెండ్లికి నాలుగు రోజులే ఉంది. పిల్లను బుట్టలో ఎత్తుకొచ్చేదెవరు?

"గీ పెండ్లి చెడితే నా ప్రెస్సుకు తాళమే, సరళమ్మా. ఇగ నాతోని పత్రిక ఎవడు కొట్టిపిచ్చుకుంటడు?"

"కొత్త కంప్యూటర్ తెచ్చుకో" అన్నాడు శ్యాంసుందర్.

"నీ పెండ్లికి పత్రిక కొట్టింది గీయనే. గప్పుడు ముద్దొచ్చిండు, ఇప్పుడు పాతవడ్డడా?" అన్నాను. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

సరళ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. పాత కంప్యూటర్ మా ఇంట్లో లేదు గనుక, మర్నాడు పొద్దున్నే జమ్మికుంట బస్సెక్కింది. నేనూ వెంట వెళ్లాను. పత్తి బండ్లను దాటుకుని ప్రెస్సుకు చేరాం. కొత్త ప్రింటర్ కాగితం ఎంత పొడవుందో తంగేడుకు తెలియడం లేదట, ముందే అయిపోయిందనుకుని ఆపేస్తోందట. సరళ రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. మూడుసార్లు పత్రిక తీసింది. మూడుసార్లూ ఆఖరి వరుస లేదు. "గీ ముండమోపి ప్రింటర్‌ను నాలుగు గుద్దరాదే" అన్నాను.

"అత్తమ్మా, జర మీరు ఛాయ్ తాగిరాండ్రి."

ఛాయ్ తాగి వచ్చేసరికి బుచ్చిరాములు పేరు కాగితం మీదుంది. లచ్చయ్య బతిమాలి పిలిపిస్తే ఆయన కూడా వచ్చి అద్దాలు పెట్టుకుని చూస్తున్నాడు.

"మేనమామ పేరు గింత కిందనా?"

"ఏడికి జరుపాలె, పెద్దాయనా?" అంది సరళ.

"దేవుని పటం కింద పెట్టు."

పెట్టింది. లచ్చయ్య వంద పత్రికలు మళ్లీ వేశాడు. బుచ్చిరాములు వాటిని తానే సంచిలో వేసుకుని పంచడానికి పోయాడు.

ఇంటికొచ్చాక సరళ శ్యాంసుందర్‌తో, "కొత్తది నువ్వు చూడు. పాతది నేను చూస్త" అంది.

"ఎన్ని రోజులని వదినా?"

"వాడేటోళ్లు ఉన్నన్ని రోజులు."

బాగుచేసిన పాత తంగేడును తెలిసినవాళ్లందరికీ పంపింది. వారంలో తొమ్మిది ఊళ్ల నుంచి ఉత్తరాలొచ్చాయి. అందరివీ పాత కంప్యూటర్లే, అందరికీ అదే తిప్పలట. ఒకరిద్దరు ఇంకో రెండు లోపాలు కూడా రాశారు. శ్యాంసుందర్ ఒక్కొక్కటే చదివాడు. చివరికి నాలుగు ఉత్తరాలు తన జేబులో పెట్టుకున్నాడు.

"అవెందుకురా?" అన్నాను.

"గీ నలుగురివి నేను చూస్త, పెద్దమ్మా."