బియ్యపు గింజంత ఖాళీ

రాజనర్సయ్య రఫూ చేస్తే చిరుగు ఎక్కడుందో ఆ గుడ్డకే గుర్తుండదని అమీర్‌పేటలో చెప్పుకుంటారు. ఒకసారి పంజాగుట్టలో ఒక పెళ్లికొడుకు పీటల మీద కూర్చోబోతుంటే షేర్వాణీ వీపున జానెడు మేర పర్రున చినిగిందట. రాజనర్సయ్యను ఆటోలో ఎక్కించి తీసుకొచ్చారు. ఆయన పెళ్లికొడుకు వెనక చేరి, పురోహితుడు మంత్రాలు చదువుతున్నంతసేపూ సూది నడిపాడు. తాళి కట్టేసరికి చిరుగు మాయమైంది. ఆ తర్వాత పెళ్లికొడుకు తండ్రి షేర్వాణీ కొన్న దుకాణానికి వెళ్లి దెబ్బలాడితే, దుకాణదారు భూతద్దం పెట్టి వెతికి, అసలు చిరుగేదో చూపించమని ఎదురు దబాయించాడట.

భూతద్దం సంగతి ఏమో గానీ షేర్వాణీ సంగతి నిజమే. ఆటో మాత్రం సగమే నిజం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అది కదలకపోయేసరికి ఆయన దిగి, సూదుల డబ్బా చంకలో పెట్టుకుని నడిచాడు.

ఆయన పుట్టింది సిరిసిల్లలో, మగ్గం పక్కన. మగ్గాల పని తగ్గిపోయాక పట్నం వచ్చి, ఒక ముసలి ఉస్తాద్ దగ్గర రఫూ నేర్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా కూర్చునే చోటు ఒక్కటే: అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద. పైన పిల్లలు కంప్యూటర్ భాషలు నేర్చుకుంటూ ఉంటారు. కింద ఆయన బల్బు వెలుగులో పోగులు కలుపుతూ ఉంటాడు. ఉస్తాద్ చెప్పిన నియమం ఒకటి ఆయన ఎన్నడూ తప్పలేదు. రఫూకు దారం బయటినుంచి తేకూడదు. ఆ గుడ్డ లోపలి మడతలోంచే ఒక పోగు లాగాలి, దానితోనే చిరుగు మాన్పాలి.

ఆయనకు ఖాళీ అంటే పడదు. గుడ్డలోనే కాదు, మాటల్లోనూ అంతే. కొడుకు నరేందర్ సైన్యంలో లారీ డ్రైవరు. ఉత్తరాన ఎక్కడో కొండల్లో ఉంటాడు, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. అంత దూరం నుంచి మాట రావడానికి రెండు క్షణాలు పట్టేది. ఆ రెండు క్షణాలు రాజనర్సయ్య ఓపలేడు. "హలో, హలో! లైను పోయింది, మల్ల జెయ్" అని తనే పెట్టేసేవాడు. అవతల కొడుకు నోరు తెరిచేలోపు ఇవతల ఫోన్ మూగబోయేది. ఆయన భార్య రాజమణి నెత్తి కొట్టుకునేది.

మంజూష ఆ మెట్ల కిందికి మొదట వచ్చింది బండి చక్రంలో పడి చినిగిన చున్నీ పట్టుకుని. కాకినాడ అమ్మాయి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటుంది. ఊరి చివర ఒక రక్షణ పరిశోధనశాలలో పనిచేస్తుంది. రఫూ అయ్యాక చున్నీని రెండు వైపులా తిప్పి చూసి వెళ్లిపోయింది. నాలుగు రోజులకు ఒక ఫైలు, వెండిలా మెరిసే దారపు ఉండ పట్టుకుని మళ్లీ వచ్చింది.

"తాతగారూ, దీంతో ఒక బొమ్మ కుట్టగలరా?"

"నెమలి గావాల్నా, మామిడి పింద గావాల్నా?"

"రెండూ కాదండి, ఇది." ఆమె కాగితం విప్పింది. అందులో రెండు దువ్వెనలు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి మధ్య బియ్యపు గింజంత ఖాళీ ఉంది.

"ఏంది బిడ్డా గిది? దువ్వెన్లు కొట్లాడుకుంటున్నయా?"

"ఆఫీసు పనండి. మిషన్ మీద వేస్తే ఈ దారం పీచులు లేచిపోతోంది. మీ చెయ్యి చూశాక ఇదొక్కటే దారి అనిపించింది."

మిషన్ ఓడిపోయిందనే మాట ఆయనకు మిఠాయి తిన్నంత తియ్యగా ఉంది. రెండు రోజుల్లో బొమ్మలో ఉన్నది ఉన్నట్టు, ఖాళీతో సహా కుట్టి ఇచ్చాడు.

వారం తిరక్కుండా ఆమె బల్కంపేటలో వాళ్ల ఇంటికే వచ్చింది. ఆఫీసులో అనుమతి తీసుకుని, ఆయన సంతకానికి ఒక కాగితం, ఆరు ఆకుపచ్చ గుడ్డ ముక్కలు తెచ్చింది. పని గురించి బయట ఎవరికీ చెప్పకూడదని ఆ కాగితంలో ఉంది. రాజమణి చాయ్ ఇస్తూ నవ్వింది. "ఈయన నోరు మూసుకుంటడని సర్కారు కాగితం మీద రాయించుకున్నదా? నేను నలభై ఏండ్ల సంది తిప్పలు వడుతున్న, నాతోనే గాలే."

"ఇంతకీ గిది ఎందుకు బిడ్డా?" అన్నాడు రాజనర్సయ్య, సంతకం పెడుతూ.

మంజూష కొంచెం ఆలోచించి, చెప్పగలిగినంత చెప్పింది. "విమానంలో ఉన్న రాడార్ పైనుంచి ఒక కేక వేస్తుందనుకోండి. ఆ కేక కొండకి తగిలినా, బండికి తగిలినా వెనక్కి వస్తుంది. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది గానీ, అది మనవాళ్లో కాదో తెలీదు. ఈ గుడ్డ మీద మేము చిన్న చిప్ ఒకటి పెడతాం. దీన్ని భుజానికి కుట్టుకుంటే, కేక తగలగానే వెనక్కి వెళ్లే కేకలో తన గుర్తు కలిపి పంపుతుంది."

"ఏమని?"

"నేను మీవాణ్ణే అని."

రాజమణి చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. గోడ మీద యూనిఫామ్‌లో ఉన్న కొడుకు ఫొటో వైపు చూసింది. "అంటే బిడ్డా, పైనున్నోల్లకు కిందున్నోడు మనోడని ఎర్కయితదా?"

"అదేనండి మా పని. ఇంకా పరిశోధనే. ఇది కుదిరితే, ఎన్నేళ్లకో నిజంగా వాడతారు."

ఆమె వెళ్లిపోయాక రాజమణి మొగుడితో ఒక్కటే మాట అంది. "మంచిగ కుట్టు."

అక్కడే వచ్చింది చిక్కు. మొదటి ముక్క కుట్టినప్పుడు ఆయనకు అది ఎవరి కోసమో తెలియదు. ఇప్పుడు ప్రతి కుట్టులోనూ కొడుకు భుజం కనబడుతోంది. నరేందర్ చిన్నప్పటి నుంచీ అంగీ కుడి భుజం దగ్గరే చింపుకునేవాడు. ఏ బడి సంచీ వేసినా అక్కడే. ఆరింటిలో మొదటి గుడ్డ పూర్తయ్యాక రాజనర్సయ్య దాన్ని రెండు బొటనవేళ్లతో సాగదీసి చూశాడు. దువ్వెనల మధ్య ఖాళీ పెదవుల్లా విచ్చుకుంది. చినిగితే ఇక్కడే చినుగుతుంది, అనుకున్నాడు. పిల్ల గీసింది సరే. ఇంజినీరుకు గుడ్డ సంగతి ఏం తెలుసు?

అయినా ఆ పిల్ల గీతను కాదనలేదు. పైన ఖాళీని ఖాళీగానే ఉంచాడు. ఉస్తాద్ చెప్పినట్టే, గుడ్డ అడుగున మిగిలిన వెండి దారంలోంచి వెంట్రుక కన్నా సన్నని పోగు ఒకటి లాగాడు. రెండు పొరల మధ్య నుంచి దాన్ని నడిపించి రెండు అంచులనూ బిగించాడు. ఆరింటికీ అలాగే చేశాడు. పైనుంచి చూస్తే ఏమీ లేదు, కిందనుంచి చూసినా లేదు. ఆ పని చేసిన రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

గురువారం పరీక్ష జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం మంజూష మెట్ల కిందికి వచ్చి, స్టూలు మీద కూలబడింది.

"ఆరూ మూగబోయాయి తాతగారూ. మొదటిది మాత్రం చక్కగా పలుకుతోంది. ఈ ఆరింట్లో ఒక్కటీ పలకలేదు."

"దారం తెగిందేమో సూసిన్రా?"

"అన్నీ చూశాం. మీటరు పెట్టాం, ఎక్కడా తెగలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టాం, మీరు కుట్టింది అచ్చం బొమ్మలాగే ఉంది. మీ తప్పేం లేదండి. మా భార్గవ్ సార్ అసలు చేతిపనిని నమ్మడమే పొరపాటన్నారు. సోమవారం ఆఖరి పరీక్ష. అదీ పోతే గుడ్డ ఆలోచన కట్టిపెట్టేస్తారు. రెండేళ్ల పనండి."

మైక్రోస్కోప్‌కు కూడా దొరకలేదన్న మాటకు రాజనర్సయ్య మీసం కింద నవ్వు పుట్టింది. పుట్టిన నవ్వు సగంలోనే చచ్చిపోయింది. అందరూ తెగిన చోటు కోసం వెతికారు. కలిసిన చోటు ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముప్పై నాలుగేళ్ల పేరు, ఎవరూ వేలెత్తి చూపని చెయ్యి. పైన క్లాసు వదిలారు, పిల్లలు దడదడా దిగుతున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, కాన్వెంట్లో సిస్టర్ ముందు నిలబడ్డ పిల్లవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గా దువ్వెన్ల నడుమ ఖాళీ ఉన్నది గదా... అది నేను కలిపిన."

"ఏంటి?"

"లోపలికెల్లి. పోగంత. చినుగుతదని భయమైంది. మా వాడు భుజం కాడనే చింపుకుంటడు."

మంజూష స్టూలు మీంచి లేచింది. కోప్పడబోయింది. మావాడు అన్న మాట దగ్గర ఆగిపోయింది. "తాతగారూ, ఆ ఖాళీలోనే చిప్ కూర్చునేది. దాని రెండు కాళ్లు రెండు పక్కలా విడివిడిగా ఉంటేనే అది మాట్లాడుతుంది. కలిపేస్తే నోరు నొక్కినట్టేనండి." అని, సంచీలోంచి ఆరు ముక్కలూ తీసింది. "పర్లేదు, చిప్‌లు తీసేశాం. ఎక్కడ కలిపారో చూపించండి, కోసేద్దాం."

రాజనర్సయ్య కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. బల్బు దగ్గరికి జరిపి చూశాడు. సూది మొనతో వెతికాడు. ఎంత వెతికినా దొరకలేదు. ఊరందరికీ కనబడకుండా దాచిన రఫూ చివరికి ఆయనకు కూడా కనబడకుండా దాక్కుంది. తడిమి కోస్తే పక్క దారాలు తెగుతాయి, ముక్క పాడవుతుంది. మళ్లీ కుట్టడానికి దారమూ లేదు, రోజులూ లేవు.

శనివారం పొద్దున ముగ్గురూ బల్కంపేట ఇంట్లో కిటికీ దగ్గర చేరారు. రాజమణి సంగతంతా విని, చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చింది. పెళ్లికి ముందు ఆమె తండ్రి మగ్గం మీద తెగిన పడుగు పోగులు అతికేది. వేల పోగుల్లో తెగినదేదో కళ్లతో కాదు, వేళ్లతో పట్టేది. ఇప్పుడూ కళ్లు మూసుకుంది. ఉంగరం వేలు ఖాళీ మీద మెల్లగా ఆడించింది. గుడ్డను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇగో. గిక్కడ ఉబ్బు తగులుతున్నది."

"నిజంగనా?"

"నలభై ఏండ్ల సంది నా కూరల ఉప్పు తక్కువైతే భూతద్దం లేకుండ పడ్తవ్. నీ తప్పు పట్టనీకి నేను గావాల్సి వచ్చిందా?"

మంజూష నవ్వాపుకోలేకపోయింది. రాజనర్సయ్య కూడా నవ్వాడు గానీ, బ్లేడు పట్టుకున్న చెయ్యి నవ్వలేదు. తను వేసిన కుట్టును తను కోయడం ఆయన బతుకులో లేదు. రాజమణి వేలు చూపిన చోట మొదటిది కోశాడు. వెంట్రుకలాంటి పోగు మెరిసి బయటికి వచ్చింది. రెండోది, మూడోది కోశాడు. ఆరోదాని దగ్గర ఆగిపోయాడు.

"ఈడ చినిగితే ఎట్ల? వాని భుజం మీద ఉన్నప్పుడు చినిగితే?"

"వాడు ఆడున్నడు, మనం ఈడున్నం," అంది రాజమణి మెత్తగా. "నడుమ గంత దూరం ఉన్నా మాట్లాడుకుంటలేమా? జర కొయ్యి."

ఆయన కోశాడు. ఆరు ముక్కలనూ ఒడిలో పరిచి, ఒక్కో ఖాళీనీ బొటనవేళ్లతో సాగదీసి చూశాడు. చివరికి మంజూష వైపు తిరిగి, "బిడ్డా, వెండి దారం వద్దు. ఉత్త నూలు దారంతోని ఖాళీ చుట్టూ గట్టి కట్టు ఎయ్యొచ్చునా? నడిమిట్ల ముట్టుకోను," అన్నాడు.

"వేయొచ్చండి. నూలు రాడార్‌కి లేనట్టే లెక్క."

"గా మాట ముందుగాల చెప్పొద్దా!"

సాయంత్రానికి ఆరింటికీ నూలు కట్లు పడ్డాయి. మంజూష లాగి చూసింది, నలిపి చూసింది. ఖాళీ విచ్చుకోలేదు. కోసిన ఆరు వెండి పోగులను రాజమణి ఒక అట్టముక్కకు చుట్టి, కొడుకు ఫొటో చట్రం వెనక దోపింది.

సోమవారం రాజనర్సయ్య పదకొండు గంటల నుంచి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ప్యాంటు చిరుగు రెండుసార్లు తప్పుగా కలిపి, రెండుసార్లు విప్పాడు. మూడున్నరకు ఫోన్ మోగింది. మంజూష వెనక గాలి హోరుమంటోంది, ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"తాతగారూ! ఆరూ పలికాయి!"

"ఆరూనా?"

"ఆరూనండి! దువ్వెనలు కుట్టినాయన్ని ఒకసారి చూడాలంటున్నారు మా భార్గవ్ సార్."

ఆ సాయంత్రం పక్కన జిరాక్స్ కొట్టు బిక్షం వచ్చి, "ఏంది నర్సన్నా, మొఖం గట్ల ఎలుగుతున్నది? మల్ల పెండ్లికొడుకు చినిగిండా?" అని అడిగాడు. రాజనర్సయ్య నోరు తెరిచాడు. విమానం, రాడార్, కొండలు, తన సూది, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. అప్పుడు సంతకం గుర్తొచ్చింది. "ఏం లేదు భాయ్, ఎండకు," అన్నాడు. బతుకులో ఇంత పెద్ద నిజం చేతికి దొరికితే, దాన్ని గోరంత కూడా పెంచి చెప్పే భాగ్యం లేకపోయింది.

ఆదివారం నరేందర్ ఫోన్ వచ్చింది. రాజమణి వంటింట్లో ఉంది. రాజనర్సయ్యే ఎత్తాడు.

"నరేందర్!"

అవతల ఏమీ లేదు. ఒక క్షణం గడిచింది. ఆయన బొటనవేలు అలవాటుగా ఎర్ర గుర్తు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. రాజమణి గరిటెతో గుమ్మంలోకి వచ్చి, మొగుడు మాట్లాడకుండా కూర్చోవడం చూసి కంగారు పడింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. తన కేక కొండలు ఎక్కుతోంది, తగలాల్సిన చోట తగులుతోంది, తిరిగి బయల్దేరింది.

"ఆఁ నాయినా, నేనే."